ఏం లేదు, కానివ్వండి

చెప్పకూడని మాట ఒక్కటే, అదొక్కటీ నోట్లోంచి జారకుండా పట్టుకోగలిగితే చాలని కోడలు పొద్దున్నుంచీ చెబుతూనే ఉంది, బస్సులో చెప్పింది, మెట్లెక్కుతూ చెప్పింది, ఇప్పుడీ పరిహారాల కచేరీ నడవాలో గోడవారగా వేసిన పొడుగాటి చెక్కబల్ల మీద పక్కనే కూర్చుని, కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ చెబుతోంది.

"బాగానే ఉంది అని మాత్రం అనకండి అత్తయ్యా. ఇంకేమన్నా అనండి. డాక్టర్ని తిట్టినా ఫర్వాలేదు."

"అననులేవే పిల్లా."

"పోయినసారీ ఇలాగే అన్నారు."

పోయినసారి నిజంగానే అనకూడదనుకునే లోపలికి వెళ్ళింది. కానీ ఎదుటి మనిషి ఎలా ఉంది అని అడిగితే బాగానే ఉంది అనక ఇంకేమంటారు, ఇన్నేళ్ళ నోరు, దానికి తెలిసిన దారి అదొక్కటే, ఆలోచన ఎక్కడున్నా ఇంటికి చేర్చేసే కాళ్ళలాగా ఆ నోరు తనంతట తనే పోయి ఆ మాట దగ్గర నిలబడుతుంది. ఆ డాక్టరు పెద్దాయన, తెల్లటి మీసం, పాపం ఆయన గొంతే జలుబు చేసి బొంగురుపోయి ఉంది, ఎలా ఉందమ్మా చెయ్యి అన్నాడు, బాగానే ఉందండి, మీకే ఒంట్లో బాగున్నట్టు లేదు, వేడినీళ్ళు తాగండి అంది. పని చేసుకోగలుగుతున్నారా అన్నాడు, చేసుకుంటున్నానండి అంది, చేసుకోక ఎలా, చేసిపెట్టే నౌకర్లు ఎవరున్నారు. అంతలో ఆయన కలం దొర్లి కింద పడింది, ఆయన వంగేలోపే ఆమె వంగి తీసి ఇచ్చేసింది, ఏ చేత్తో తీసిందో ఆయనా చూడలేదు, ఆమే చూసుకోలేదు. తర్వాత ఇంటికి ఉత్తరం వచ్చింది. గాయం చక్కగా మానింది, మునుపటి పని చేయగలరు, కనుక పరిహారం ఇవ్వనవసరం లేదు, ఒకటో తారీఖు నుంచి మూతల ప్రెస్సు మీదికి రావచ్చు. కోడలు చదివి, ఆ కాగితం అలాగే పట్టుకుని, అసలు లోపల ఏమన్నారు మీరు అని అడిగింది. బాగానే ఉందన్నాను. చెయ్యి అలా పెట్టుకుని బాగానే ఉందంటారా? చెయ్యి ఉందిగా, లేనివి వేళ్ళేగా అంది ఆమె, అప్పుడు కోడలు నవ్విందో ఏడ్చిందో తెలియలేదు, లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి, మళ్ళీ పరీక్ష చేయించమని అర్జీ రాయడానికి కూర్చుంది. ఇదే ఆఖరుసారి అట. ఈసారి కూడా బాగానే ఉందని రాస్తే ఇంకెక్కడికీ వెళ్ళడానికి లేదట, ఒకటో తారీఖున మళ్ళీ ఆ మిషను ముందు నిలబడాల్సిందే.

వేళ్ళంటే మరీ అన్నీ ఏం కాదు. కుడిచేతి చూపుడువేలు మొదలంటా పోయింది, మధ్యవేలికి పై కణుపు పోయింది, మిగతావి మిగిలాయి, బొటనవేలు మిగిలింది, అది చాలా గొప్ప అని ఆసుపత్రిలో కట్టు కట్టిన నర్సమ్మ అంది. ఎదురుగా గోడకు చేరగిలబడ్డ కుర్రాడికి మోచేతి దాకా కట్టు ఉంది, ఆ పక్కన ఒకాయనకు ఒక కన్నే తెరుచుకుంటోంది, వాళ్ళ మధ్య తన చెయ్యి చాపి నాకూ దెబ్బ తగిలింది అనడానికి ఆమెకు సిగ్గుగా ఉంది, పెళ్ళివారి పందిట్లోకి పిలవకుండా వచ్చినట్టుంది. చెయ్యిని తీసి శాలువా కిందికి తోసింది. కోడలు శాలువా పక్కకి తీసి చెయ్యిని మళ్ళీ బయట పెట్టింది. మాట్లాడకుండానే ఇద్దరూ ఆ పని రెండు మూడుసార్లు చేశారు.

కార్ఖానాలో ఆమెను మూతలమ్మ అంటారు. డబ్బా మూతలు కొట్టే ప్రెస్సు మీద ఆమె కంటే పాత మనిషి లేదు, మేస్త్రీ కూడా ఆమె తర్వాత వచ్చినవాడే. కాలి కింది పలక తొక్కితే పైనుంచి అచ్చు దిగుతుంది, రేకు మీద పడి గుండ్రంగా మూత కోసి లేస్తుంది, అది లేచి మళ్ళీ దిగేలోపు కోసిన మూత లాగాలి, కొత్త రేకు జరపాలి, కాలు, చెయ్యి, కాలు, చెయ్యి, ఆ ధడ్ ధడ్ మీద ఆమె ఎన్ని ఆలోచనలు చేసిందో, కొడుకు చదువు అక్కడే ఆలోచించింది, మొగుడు పోయాక ఇల్లెలా గడవాలో అక్కడే ఆలోచించింది, కోడలిని చూసొచ్చి ఈ పిల్ల పొగరుగా ఉంది, మా ఇంటికి పనికొస్తుంది అని అక్కడే నిర్ణయించింది. లోకంలో ఎన్ని డబ్బాలకు ఆ మూతలు పోయాయో ఎవరికి తెలుసు. ఇప్పుడు ఇంట్లో ఉప్పు డబ్బా మూత రావాలంటే మనవరాలిని కేకెయ్యాలి. అదొచ్చి, నాయనమ్మా ఇవి నువ్వే ఇంత గట్టిగా చేశావా అంటుంది. నేనేనే తల్లీ, నా పాపమే.

మొదట్లో ఆ మిషనుకు ముందొక జాలీ తలుపు ఉండేది, అది మూస్తేనే అచ్చు దిగేది, చెయ్యి లోపల ఉంటే తలుపు మూసుకోదు, అంత తెలివైన తలుపు. దాన్ని ప్రతిసారీ తెరిచి మూసే జాగే పనంతా తినేస్తోందని మేస్త్రీ ఊడదీయించి గోడకు ఆనించాడు. ఆ మేస్త్రీని అందరూ గడియారం అంటారు, మనిషి ముఖం చూడడు, చేతి గడియారం చూసుకుంటూ మాట్లాడతాడు. గోడకు ఆనించిన ఆ జాలీ మీద ఆడవాళ్ళందరూ తుడుపుగుడ్డలు ఆరేసుకునేవారు. ఎండాకాలం తొందరగా ఆరేవి. అది ఎందుకు పుట్టిందో అందరూ మరిచిపోయారు, కొత్తగా వచ్చిన పిల్లలైతే గుడ్డలారేసే దండెమే అనుకున్నారు.

ఆ వరసలో ఇంకో పద్ధతి ఉంది. ఒక మిషను ఆగితే వరసంతా ఆగుతుంది, ఆగినంతసేపటి పనీ సాయంత్రం గంట కొట్టాక అందరూ ఉండి పూర్తి చెయ్యాలి, అందులో చంటిబిడ్డల తల్లులుంటారు, ఇంటి దగ్గర పొయ్యి వెలిగించాల్సిన వాళ్ళుంటారు, అందుకని గోరూడినా, రేకు అంచు అరచేతిని చీరినా, దొరికిన గుడ్డ చుట్టుకుని తలెత్తకుండా 'ఏం లేదు, కానివ్వండి' అనాలి. అలా అనమని గోడ మీద ఎవరూ రాయలేదు, రానివాళ్ళకి పక్కవాళ్ళు నేర్పుతారు. కాలిపలక ఎలా తొక్కాలో తర్వాత, ముందు ఆ మాట. ఎంతమంది పిల్లలకు ఆమే నేర్పిందో. కన్నీళ్ళు పెట్టుకున్నదాన్ని నవ్వించి మరీ అనిపించేది, అను, ఏం లేదు అను, ఆ, అంతే, అయిపోయింది చూశావా అనేది.

ఆ రోజు రేకుముక్క ఒకటి అచ్చు కింద ఇరుక్కుంది. ఎన్నోసార్లు ఇరుక్కునేదే, ఎన్నోసార్లు చూపుడువేలితో చిమ్మినదే. వేలు లోపలికి పోయింది, కాలేమో తన లెక్కలో తను ఉంది, దానికి చెప్పేవాళ్ళెవరు, అచ్చు దిగింది. నొప్పి రాలేదు. చల్లగా అనిపించింది, చలికాలం తలుపు తీసినప్పుడు తగిలేంత చల్లదనం, అంతే. చుట్టూ అందరూ చెయ్యి ఆపబోతున్నారని కంటి చివర కనిపించింది, వెంటనే అనేసింది, ఏం లేదు, కానివ్వండి. కానిచ్చారు. వరస నడిచింది. ఆమె ఎడంచేత్తో గుడ్డ కోసం వెతుకుతోంది, పక్క మిషను పిల్ల ఇటు తిరిగి చూసి అట్నే నిలువునా కూలిపోయింది, అప్పుడు ఆపారు. గడియారం కాగితం మీద అదే రాశాడు, దెబ్బ తగిలిన మనిషే ఏం లేదని చెప్పింది, తన అజాగ్రత్త వల్లే జరిగిందని ఒప్పుకుంది. ఒప్పుకున్నానా అని ఆమె చాలా రాత్రులు తనను తాను అడిగింది. ఏం లేదన్నాను గానీ నా తప్పు అన్నానా. అని ఉంటానేమో కూడా. మర్యాదకి ఏదైనా అనగల మనిషే తను.

"ఏ మిషనమ్మా?"

పక్కన కూర్చున్నాయన అడుగుతున్నాడు. చెక్కపొట్టు వాసన వేస్తున్నాడు, వడ్రంగి అయి ఉండాలి, ఎడంచేతి చివరి రెండు వేళ్ళు లేవు.

"మూతల ప్రెస్సు నాయనా."

"అబ్బో. నాది రంపం. రంపం మర్యాద గలదమ్మా, ముందు అరిచి తర్వాత కోస్తుంది. మీ ప్రెస్సుకి ఆ పెద్దరికం లేదు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆయన తన చెయ్యి ఎత్తి, మిగిలిన వేళ్ళు ఆడించాడు. "మా మనవడికి నా చేతుల మీదే లెక్కలు నేర్పాను. వెధవ ఎనిమిది తర్వాత ఆగిపోతాడు."

కోడలు కూడా నవ్వింది, నవ్వుతూనే ఆమె మోచేతిని పొడిచింది, చూశారా, ఆయనెంత ధీమాగా చూపిస్తున్నాడో అన్నట్టు. ధీమాలు అందరికీ ఎలా వస్తాయి. లేని వేలు దురద పెడుతోంది. ఇదొక విచిత్రం, ఉన్నప్పుడు ఒక్కనాడూ దాన్ని పట్టించుకోలేదు, పోయాక రోజూ పిలుస్తోంది, గోకుదామంటే ఎక్కడుందని గోకడం. అదెక్కడుందో కూడా ఆమెకు తెలియదు. ఆసుపత్రిలో, వేలు తెచ్చారా అని అడిగితే అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, మనిషిని పంపించి తుక్కు తొట్టిలో వెతికించారు, రేకుల తరుగు మధ్య దొరికిందట, ఎవరిదో అన్నం డబ్బాలో పెట్టి పట్టుకొచ్చారు. ఆలస్యమైంది, ఇక అతకదు అన్నారు. ఆ తర్వాత దాన్నేం చేశారు. ఆ డబ్బా ఎవరిదో, పాపం వాళ్ళు మళ్ళీ అందులో తిని ఉంటారా. అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది, బతికున్న మనిషి తన వేలి సంగతి అడగడమేమిటని ఊరుకుంది. ఆ వేలితోనే కొడుకు ముక్కు తుడిచింది, ఆ వేలు పట్టుకునే వాడు మొదటి అడుగులు వేశాడు, ఆ వేలితోనే మొగుడి కళ్ళు మూసింది.

మొగుడూ అంతే. ఆయనదీ 'బాగానే ఉంది' కులం. దగ్గి దగ్గి గోడ పట్టుకుని నిలబడేవాడు, ఎలా ఉందయ్యా అంటే బాగానే ఉంది నువ్వు పనికి పో అనేవాడు, డాక్టరొచ్చి మంచం పక్కన నిలబడి అడిగినా అదే. ఆయన పోయాక ఆమె తిట్టుకున్న తిట్టు అదొక్కటే, అంత బాగున్న మనిషివి ఎందుకు పోయావయ్యా అని. అంత తిట్టుకుని మళ్ళీ తనూ అదే అంది. ఎక్కడ నేర్చుకున్నారు ఇదంతా. చిన్నప్పుడు మెట్ల మీంచి పడితే అమ్మ పరిగెత్తుకొచ్చి, ఇంకా మోకాలు చూడకముందే, ఏం కాలేదు ఏం కాలేదు అనేది, రక్తం కారుతుంటే కూడా ఏం కాలేదనేది, అమ్మే అన్నాక కాలేదనే అనుకునేది తను, నిజంగా నొప్పి తగ్గేది కూడా. తన కొడుక్కి తనూ అలాగే చెప్పింది. వాడిప్పుడు బరువులు మోసి మోసి నడుం వంచలేక, బూట్ల తాడు కట్టుకోవడానికి కుర్చీ మీద కాలు పెడుతున్నాడు, ఏరా అంటే ఏం లేదమ్మా అంటాడు. ఇంటిల్లిపాదికీ ఏమీ కాలేదు. కోడలొక్కతే వేరే ఇంటి నుంచి వచ్చింది, దానికి తలనొప్పి వస్తే వీధి మొత్తానికి తెలుస్తుంది, మొదట్లో ఆమెకు ఆ పిల్లను చూస్తే ఒళ్ళు మండేది, ఇంత చిన్నదానికి ఇంత గోలేమిటని. ఇప్పుడు ఆ గోల చేసే నోరు లేకపోతే ఈ బల్ల మీద కూర్చునేదే కాదు.

అలసటగా ఉంది. పొద్దున్నుంచి ఏ పనీ చెయ్యలేదు, కూర్చునే ఉంది, అయినా ఒళ్ళంతా నీళ్ళలో నానబెట్టిన గుడ్డలా ఉంది. ఇది ఈ రోజు అలసట కాదు. రోజూ పనిలో పడి దాన్ని కనిపించనీయకుండా తిరిగింది, కట్టు కట్టి ఇంట్లో కూర్చోబెట్టేసరికి పాత అలసటలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి చుట్టూ కూర్చున్నాయి, వచ్చినవి పోవడం లేదు. పరిహారం ఇస్తే మంచిదే, ఇంట్లోకి ఆసరా, కాదనదు. కానీ ఆమెకు కావలసింది అది కాదు, అసలు కావలసింది కోడలికి కూడా చెప్పలేదు. ఆ మిషను గదిలోకి మళ్ళీ పోకుండా ఉంటే చాలు. ఆ అచ్చు కిందికి ఆ మిగిలిన చెయ్యి పెట్టమని ఎవరూ అనకుండా ఉంటే చాలు. ఇంత మాట ఎలా చెబుతారు ఎవరికైనా. మూతలమ్మ మూతల దగ్గరికి పోవడానికి జంకుతోందంటే నవ్వరూ.

బంట్రోతు తలుపు తీసి ఆమెను పిలిచాడు. కోడలు కూడా లేచింది.

"దెబ్బ తగిలినవాళ్ళు ఒక్కరే."

"మా అత్తయ్యకు చెప్పుకోవడం రాదండి."

"వచ్చినంత చెబుతారులే, కూర్చోమ్మా."

కోడలు గబగబా చెవిలో ఊదింది. "ఎడంచెయ్యి ఒళ్ళోనే పెట్టుకోండి. ముందుకి రానీకండి దాన్ని. అత్తయ్యా, గుర్తుందిగా."

లోపల ఉన్నది ఆ పెద్దాయన కాదు, ఎవరో చిన్న వయసు ఆడమనిషి, కళ్ళ కింద నల్లగా ఉంది, ఈమెకూ నిద్ర లేదు కాబోలు. మూలన ఒక గుమాస్తా కాగితాలు సర్దుకుంటున్నాడు. బల్ల మీద చిన్న సాసర్లో చొక్కా బొత్తాలున్నాయి.

"ఎలా ఉందమ్మా చెయ్యి?"

నోరు తెరుచుకుంది. ఆ మాట అప్పుడే వచ్చి నాలుక చివర నిలబడింది, ఎవరూ పిలవకుండానే. ఆమె పళ్ళు బిగించింది. డాక్టరమ్మ సాసరు ముందుకు జరిపింది.

"ఈ బొత్తాలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టండి."

ఎడంచెయ్యి ఒళ్ళోంచి లేచి సాసర్లోకి పోయింది. అది కాదమ్మా, రెండోది అంది డాక్టరమ్మ. కుడిచెయ్యి వెళ్ళింది. బొటనవేలికి ఎదురు ఏదీ రాలేదు, మొండి మధ్యవేలు బొత్తాన్ని తోస్తోంది గానీ పట్టడం లేదు, తోసి తోసి సాసరు అంచు దాటించింది, బొత్తాం కింద పడి దొర్లింది. ఎడంచెయ్యి దాని వెంట పోబోయింది. దాన్ని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. ఇంకో బొత్తాం. అదీ పడింది. చెమట పట్టింది, ఇంత చిన్న పనికి చెమట పట్టడం చూసి తనకే నవ్వొచ్చింది, నవ్వితే బాగానే ఉందనుకుంటారని నవ్వు మింగేసింది.

అప్పుడు మూలన గుమాస్తా ముద్ర తీసి కాగితం మీద కొట్టాడు. ధబ్.

ఆమె ఏమీ చెయ్యలేదు, చెయ్యే చేసింది. సాసరు తిరగబడి బొత్తాలు చెల్లాచెదరయ్యాయి, కుడిచెయ్యి చంకలో దూరి గట్టిగా దాక్కుంది, దాంతో పాటు మెడ, భుజాలు, మొత్తం మనిషి ఒక పక్కకి ముడుచుకుపోయింది. గుమాస్తా ముద్ర పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఆమెకు తల ఎత్తడానికి మొహం చెల్లలేదు. ఇంట్లో గిన్నె పడినా ఇదే, మనవరాలు తలుపు విసురుగా వేసినా ఇదే, ఎవరైనా చూసేలోపు ఆ చెయ్యిని శాలువా కిందికి లాక్కుని చలేస్తోందే అనేది. ఇక్కడ శాలువా భుజం మీంచి జారిపోయి ఉంది.

"ఆ మిషను దగ్గరికి మళ్ళీ వెళ్ళగలరా అమ్మా?" డాక్టరమ్మ మెల్లిగా అడిగింది.

"భయమండి."

ఎవరో అన్నట్టు వినిపించింది. తన గొంతే. ఆ ఒక్క మాట బయటికి వచ్చాక వెనకవన్నీ తోసుకొచ్చాయి.

"నాకు చాలా భయమండి. నిద్దట్లో కూడా దిగుతుంది అది. కాలు తొక్కుతుందండి మంచం మీద, నేను కాదు, కాలు. మా పిల్లకి చెప్పలేదు. నొప్పి కూడా ఉందండి. చలేస్తే ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ నొప్పెడుతుంది. జుట్టు దువ్వుకోవడం రాదు. కత్తి పట్టుకుంటే తిరిగిపోతుంది. నడుం కూడా ఇంతసేపు నిలబడి నిలబడి ఇటువైపు పట్టేసిందండి, మోకాలు కూడా..."

"వేళ్ళ సంగతి చాలమ్మా ఇవాళ్టికి."

"మరి నడుం ఎవరికి చెప్పాలండి?"

డాక్టరమ్మ నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసి, గుమాస్తా వైపు తిరిగి చెప్పింది. రెండు వేళ్ళ నష్టం, పట్టు లేదు, పరిహారం ఇవ్వాలి. ప్రెస్సు పనికి మళ్ళీ పంపకూడదు. ఆమెకు అర్థమయ్యేలా ఇటు తిరిగి ఇంకోసారి అంది, ఇక మీరు అక్కడికి వెళ్ళక్కర్లేదమ్మా, మిగతాది కచేరీ వాళ్ళు చూసుకుంటారు, వెళ్ళి రండి.

తలుపు తెరుచుకుంది. వడ్రంగి గడప దగ్గర నిలబడి ఉన్నాడు, ఆయన భుజం మీంచి కోడలు మునివేళ్ళ మీద లేచి చూస్తోంది, కళ్ళతోనే అడుగుతోంది. లేవాలి. వెనకవాళ్ళు కాచుకుని ఉన్నారు, దండం పెట్టి, కింద పడ్డ బొత్తాలు ఏరిచ్చి, దారి వదలాలి. లేద్దామనుకుంది. కాళ్ళు వినలేదు. ఇంతసేపూ ఏది పట్టి నిలబెట్టిందో అది చల్లగా జారిపోయింది, ఒంట్లో ఎముకలన్నీ ఒక్కసారే బరువు దించేసినట్టుంది. వెళ్ళక్కర్లేదట.

"కొంచెంసేపు ఇక్కడ కూర్చుంటానండి," అంది. "ఓపిక లేదు."

డాక్టరమ్మ వడ్రంగి వైపు చెయ్యెత్తి ఆగమంది. గుమాస్తా ముద్రను చప్పుడు కాకుండా సిరాపెట్టె మీద ఆనించాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, చెయ్యిని బల్ల మీదే వదిలేసి, కళ్ళు మూసుకుంది.